గంటలు చాలానే, ఆస్పత్రి అనుభవమే తక్కువ
కైరోప్రాక్టర్లు, అంటే వెన్నెముకను చేతులతో సర్ది నడుం, మెడ నొప్పులకు చికిత్స చేసేవాళ్లు, ఏదో కొన్ని నెలల కోర్సు చేసి వెన్ను విరిచేస్తారని ఒక వ్యాసంలో రాశారు, అది నిజం కాదు. అమెరికాలో కైరోప్రాక్టిక్ డిగ్రీకి ముందు దాదాపు మూడేళ్ల కాలేజీ చదువు, తర్వాత కనీసం 4,200 గంటల శిక్షణ ఉంటాయి. అనాటమీ, నాడీ వ్యవస్థ, ఎక్స్‌రే చదవడం అన్నీ అందులో భాగమే. ఆపైన నాలుగు భాగాల బోర్డు పరీక్షలు, రాష్ట్ర లైసెన్సు. నా అభ్యంతరం వేరే. అక్కడి ఎండీ డాక్టర్లకు ఉన్నట్టు ఆస్పత్రిలో రెసిడెన్సీ, అంటే డిగ్రీ తర్వాత రోగుల్ని చూస్తూ పొందే శిక్షణ, వీళ్లకు తప్పనిసరి కాదు. విద్యార్థులు ఎక్కువగా చూసేది క్లినిక్‌కి నడిచొచ్చే నడుంనొప్పి, మెడనొప్పి కేసులే. ఆ నొప్పి వెనక క్యాన్సరో, ఎముక ఇన్‌ఫెక్షనో, మెడలో రక్తనాళం చీలడమో ఉంటే పట్టుకోవాలంటే అలాంటి రోగుల్ని కళ్లారా చూసి ఉండాలి, పుస్తకంలో చదివితే చాలదు. నేను నడుంనొప్పితో వెళ్లిన కైరోప్రాక్టర్ మోకాలి కింద చిన్న సుత్తితో తట్టి, కాలి బొటనవేలు పైకి లేపమన్నారు. అది సరిగా లేవలేదు, అంటే నడుము దగ్గర నరం నొక్కుకుపోయి ఉండొచ్చు. నడుము మీద చెయ్యి కూడా వెయ్యకుండా ముందు ఎంఆర్‌ఐ తీయించుకోమని పంపేశారు. ఆ జాగ్రత్త ప్రతి ఒక్కరికీ అలవడాలంటే ఆస్పత్రి వార్డుల్లో కొన్ని నెలల శిక్షణైనా తప్పనిసరి చెయ్యాలి.