నీ మంచికే అనే స్నేహం

తిరుపతిలో ఇంటర్ హాస్టళ్ల ఊసెత్తితే మాట ర్యాంకుల మీదికో ఫీజుల మీదికో పోతుంది. కుప్పం నుంచో పలమనేరు నుంచో వచ్చి ఒకే గదిలో రెండేళ్లు గడిపిన ఆడపిల్లలు ఒకరినొకరు ఏం చేసుకున్నారో ఎవరూ అడగరు. అడగాల్సిన ప్రశ్నలు కెనడా రచయిత్రి మార్గరెట్ అట్వుడ్ 1988లో రాసిన 'క్యాట్స్ ఐ' నవలలో ఉన్నాయి. కథ జరిగేది కెనడాలోని టొరంటోలో.

చిత్రకారిణి ఎలేన్ తన బొమ్మల ప్రదర్శన కోసం నడివయసులో ఆ ఊరికి తిరిగొస్తుంది. చిన్నప్పుడు కార్డీలియా, మరో ఇద్దరు స్నేహితురాళ్లు ఆమెను గుంతలో పెట్టి పైన మట్టి కప్పారు. టోపీని లోయలోకి విసిరి, తెచ్చుకోమన్నారు. ఆమె మంచు పగిలి వాగులో పడితే వదిలేసి పోయారు. ఇదంతా ఆమెను బాగుచేయడానికేనట! మన హాస్టల్ గదుల్లో "నీ మంచికే చెప్తాండా మే" అనే గొంతు అదే. ర్యాగింగ్ మీద మన రాష్ట్రంలో 1997 నుంచే చట్టం ఉంది. సీనియర్ ఏడిపిస్తే ఫిర్యాదు చేయొచ్చు. పక్క మంచం మీద పడుకునే నేస్తం మీద ఏమని రాసిస్తాం? పైగా ఆమె దూరమైతే అన్నానికి తోడెవరు?

పెద్దవాళ్లకు తెలియదనుకోవడం ఇంకో భ్రమ. నవలలో ఒక స్నేహితురాలి తల్లికి అంతా తెలుసు. ఆ పిల్లకు తగిన శాస్తే అనుకుంటుంది. ఎలేన్ తల్లికీ లీలగా తెలుసు. ఏళ్ల తర్వాత ఆ పాడు రోజుల మాటెత్తితే కూతురికే ఏమీ గుర్తుండదు. నాకు ఈ నవలలో అన్నిటికన్నా నిజమనిపించింది ఈ మరుపే. భయం మాత్రం ఒంట్లో మిగిలిపోతుంది. దానికి కారణం పెళ్లిలోనో ఉద్యోగంలోనో వెతుక్కుంటారు.

హైస్కూలుకొచ్చేసరికి తక్కెడ తిరగబడుతుంది. ఇప్పుడు ఎలేన్ నోరు కత్తి. కార్డీలియా చదువులో వెనకబడి చితికిపోతుంది. తర్వాతెప్పుడో మానసిక చికిత్సాలయంలో చేరి, నన్ను ఇక్కడి నుంచి తప్పించమని అడిగితే ఎలేన్ ఒప్పుకోదు. బాధపడ్డ పిల్లను మంచిపిల్లగా మిగల్చకపోవడమే అట్వుడ్ గట్టితనం. మన పత్రికల్లో హాస్టల్ వార్తలకు ఒక దోషి, ఒక బాధితురాలు ఉంటే చాలు.

ఎలేన్ జీవితంలోని మగవాళ్ల కథ మాత్రం నాకు సాగదీసినట్టనిపించింది. అసలు లోటు వేరే ఉంది. ప్రదర్శనకు కార్డీలియా వస్తుందేమోనని ఎలేన్ చూస్తుంది, ఆమె రాదు. ఆమె వైపు కథ మనకు దక్కనే దక్కదు. తిరుపతి హాస్టల్ మీద ఎవరైనా నవల రాస్తే, పాతికేళ్ల తర్వాత గెట్ టుగెదర్‌కు పట్టుచీర కట్టుకొచ్చి "మనం ఎంత సరదాగా ఉండేవాళ్లం మే!" అని కావలించుకునే ఆమె చేతనే చెప్పించాలని నా కోరిక.