పాత ఇంటికి పూచీ ఎవరు?

వేసవిలో ఇంటికి మరమ్మతులు చేయించుకున్నవారికి కాంట్రాక్టరు పనితనం ఏటా తొలి వానలకే బయటపడుతోంది. ఈసారీ అదే వరస. చెమ్మ ఆరని గోడకు పుట్టీ పట్టించి రంగు వేసేయడం, వాటర్‌ప్రూఫింగ్ చేసిన బాత్‌రూమ్‌లో ఒక్కరోజైనా నీళ్లు నిలిపి చూడకుండానే టైల్స్ పరిచేయడం, అవి వేలితో తడితేనే డొల్లగా మోగుతున్నాయంటే ‘కొత్త పని అలాగే ఉంటుంది, సర్దుకుంటుంది’ అనడం, ఆపైన ఫోన్ ఎత్తకపోవడం మామూలైపోయాయి. సొమ్ములో సింహభాగం అప్పటికే చెల్లించేసిన యజమాని, మరో మేస్త్రిని పిలిచి అదే నేలను మళ్లీ పగలగొట్టించుకోవలసి వస్తోంది.

యజమానులు పని మధ్యలో మాట మారుస్తారని, కూలి రేట్లు పెరిగినా పాత అంచనాకే పట్టుబడతారని కాంట్రాక్టర్లు అంటారు. అందులో కొంత నిజముండవచ్చు. అంతమాత్రాన చెమ్మ మీద పుట్టీ పూయడం ఒప్పైపోదు.

మమ్మల్ని కలవరపెడుతున్నది చట్టం చూపే వివక్ష. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) 14వ సెక్షన్ ప్రకారం, కొత్త ఫ్లాటు స్వాధీనమైన ఐదేళ్లలోపు పనితనంలో లోపం కనిపించి కొనుగోలుదారు తెలియజేస్తే, బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. అమ్మకంతో సంబంధం లేని మరమ్మతులకు మాత్రం అదే చట్టం 3వ సెక్షన్ రిజిస్ట్రేషన్ నుంచి మినహాయింపునిచ్చింది. కొత్త ఇంటికి ఐదేళ్ల పూచీ, పాత ఇంటికి కాంట్రాక్టరు నోటిమాట! వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి కదా అనవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద గృహ నిర్మాణమూ సేవే. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలు దాటకపోతే ఫిర్యాదుకు రుసుము లేదు. పరీక్షలు అక్కర్లేని కేసును ప్రతివాదికి నోటీసు అందిన 3 నెలల్లో తేల్చేందుకు కమిషన్ ప్రయత్నించాలి. ఆ గడువుకు దక్కుతున్న మన్నన ఎంతో వాయిదాల చుట్టూ తిరిగినవారికి తెలుసు. పైగా ఒప్పంద పత్రం ఏదని అడిగితే బాధితుడు చూపగలిగేది వాట్సాప్ సందేశాలు, తెల్లకాగితం మీది లెక్కలే.

తన పనుల దగ్గర ప్రభుత్వం ఇంత ఉదారంగా ఉంటుందా? రోడ్డు వేయించినా, బడికి గదులు కట్టించినా రాతపూర్వక ఒప్పందం, ధరావతు, లోపాలు బయటపడితే కాంట్రాక్టరే సరిచేయాల్సిన కాలం, అది ముగిసేదాకా కొంత సొమ్ము నిలిపి ఉంచడం వంటి షరతులన్నీ పెడుతుంది. (వాటి అమలు సంగతి మరోసారి.) ఖజానా డబ్బుకు ఇన్ని కాపలాలు పెట్టుకున్న పాలకులకు, ఉద్యోగ విరమణ సొమ్ముతో ఇల్లు బాగు చేయించుకునేవారి డబ్బుకు ఒక్క కాపలా కూడా తోచకపోవడాన్ని అమాయకత్వం అనలేం. కరెంటు పని చేసే కాంట్రాక్టరును లైసెన్సు అడిగే తెలుగు రాష్ట్రాలు, పైపు కోసం స్లాబుకూ బీముకూ రంధ్రాలు కొట్టేవారిని నీకేం అర్హత ఉందని అడగవు. మరమ్మతు కాంట్రాక్టర్ల నమోదుకు చట్టం కావాలంటే సమయం పడుతుందేమో. తెలుగులో ఒక నమూనా ఒప్పంద పత్రం తయారుచేసి పురపాలక కార్యాలయాల్లో ఉంచడానికి ఏ శాసనసభ సమావేశం కావాలి? అదీ చేతకాకపోతే, ఇంటి పన్ను నోటీసులు పంపడంలో చూపే చురుకుదనం గురించి అధికారులు ఇకనైనా గొప్పలు చెప్పుకోవడం మానాలి.