ప్లగ్గు పీకి చూపాలి

మే నెల మధ్యాహ్నం విజయవాడ వన్‌టౌన్‌లో కరెంటు పోతే, మేడమీది గదిలో ఇన్వర్టర్ కూత మొదలైన మరుక్షణం ఇంటిల్లిపాదీ ఒక్క ఫ్యాను కిందికి చేరతారు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో బొగ్గు మండుతుంటే వేసవి గడుపుకొనే ఈ ఊరివారికి, చిన్న పెట్టెలో నికెల్ పొడి, హైడ్రోజన్ నింపితే శీతల సంలీనంతో, అంటే మామూలు వేడిమి దగ్గరే అణు కేంద్రకాలు కలవడంతో, ఏళ్ల తరబడి ఇంటికి సరిపడా కరెంటు వస్తుందన్న మాట చెవిన పడితే మనసు అటు లాగుతుంది. ఆ ఆశను మేం చులకన చేయం.

1989 మార్చి 23న అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో ఫ్లైష్‌మన్, పాన్స్ అనే రసాయన శాస్త్రవేత్తలు, గాజుపాత్రలోని భారజలంలో పల్లాడియం కడ్డీని ముంచి విద్యుత్తు పంపితే రసాయన చర్యలకు అందనంత వేడి పుట్టిందని, అది కేంద్రకాల కలయికేనని ప్రకటించారు. చిక్కంతా అక్కడే ఉంది. భారజలంలోని బరువైన హైడ్రోజన్, అంటే డ్యుటీరియం, కేంద్రకాలు మామూలు పద్ధతిలో కలిసి ఒక్క వాట్ వేడి ఇచ్చినా సెకనుకు సుమారు లక్ష కోట్ల న్యూట్రాన్లు వెలువడాలి. అంత ధారలో పాత్ర పక్కన నిలబడినవారు బతికి బట్టకట్టడం కష్టం. ఆ ధార ఎవరికీ కనిపించలేదు. వేడి లెక్కలోనూ, లోపలికి పంపిన విద్యుత్తుకూ బయటికి వచ్చినదానికీ మధ్య తేడా స్వల్పమైనప్పుడు, కొలతలో చిన్న పొరపాటే అద్భుతంగా కనబడుతుంది.

మన ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం పి.కె. అయ్యంగార్ సారథ్యంలో ఆ ఏడాదే ప్రయోగాలు చేసి, సంలీనానికి గుర్తులైన న్యూట్రాన్లు, ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) జాడలు కనిపించాయని నివేదించింది. తర్వాత ఆ పని ఆగిపోయింది. గూగుల్ నిధులతో జరిగిన పరిశోధన 2019లో వెలువడినప్పుడు శీతల సంలీనానికి ఆధారం దొరకలేదని తేల్చింది. అయినా 2023లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి ఎనిమిది పరిశోధనలకు సుమారు కోటి డాలర్లు ఇచ్చింది. తేలని ప్రశ్నను మళ్లీ నిజాయతీగా కొలవడానికి పెట్టిన ఆ ఖర్చు సబబేనని మా అభిప్రాయం. మన విశ్వవిద్యాలయాల్లోనూ ఒకటి రెండు ప్రయోగశాలలకు కేంద్రం అలాగే నిధులిచ్చి, విఫలమైన కొలతలు సహా అన్నీ బయటపెట్టమని నిబంధన పెట్టాలి.

ఇంటి పెట్టె సంగతి వేరు. ప్రయోగశాలలోనే రుజువు కానిదానికి గృహస్థు ముందే డబ్బు కట్టడం తగదు. 2011లో ఇటలీలోని బొలోన్యాలో ఆర్భాటంగా చూపిన నికెల్ పరికరం నేటికీ మన వీధి దుకాణాలకు రాలేదు. సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్ల సౌర పలకలకు రూ.78,000 సబ్సిడీ దొరుకుతుండగా, సొంత డాబా ఉన్న కుటుంబం దాన్ని వదిలి పెట్టె కోసం కాచుకోనక్కర్లేదు. రేపు ఎవరైనా అలాంటి పెట్టెకు అడ్వాన్సు అడిగితే, గోడ ప్లగ్గు పీకేసి, తటస్థ ప్రయోగశాల మీటరు ఎదుట వారాల తరబడి నడిపి చూపమని అధికారులు పట్టుబట్టాలి.