పాత ఫ్లాట్ అమ్ముతున్నారా? ఆ ఫార్వర్డ్ మెసేజ్‌ని మాత్రం నమ్మకండి

హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ‘పాత ఫ్లాట్ నెల రోజుల్లో మంచి ధరకు అమ్ముడుపోవాలంటే’ అని మొదలవుతుంది. అందులో ఆరు చిట్కాలు. అమ్మే ముందు కిచెన్, బాత్రూములు కొత్తగా చేయించండి, పెట్టిన రూపాయికి రెండు రూపాయలు వస్తాయి. లోపాలు మీరు చెప్పక్కర్లేదు, చూసుకోవాల్సింది కొనేవాళ్లే. ధర పాతిక శాతం ఎక్కువ చెప్పండి, బేరంలో దిగొచ్చు. కాగితాల సంగతి బేరం కుదిరాక చూసుకోవచ్చు. నమ్మకం కలగాలంటే డాక్యుమెంట్లు ఫొటోలు తీసి ప్రకటనతో పాటే పెట్టేయండి. ఇక చివరిది: సగం డబ్బు క్యాష్‌గా తీసుకుంటే టాక్స్ బెడద ఉండదు.

రిటైరయ్యాక పిల్లల దగ్గరికి వెళ్లిపోదామనో, కూతురి పెళ్లికి అక్కరకొస్తుందనో ఉన్న ఒక్క ఫ్లాట్ అమ్ముకునేవాళ్లే ఇలాంటివి ఎక్కువగా చదువుతారు. వాళ్లకు ఇవి చాలా చెడ్డ సలహాలు. కొన్ని డబ్బు దండగ చేసేవి, కొన్ని కోర్టు దాకా లాగేవి. అందుకే ఒక్కొక్కటీ తీసుకుని చెబుతున్నాను.

ముందు ‘రూపాయికి రెండు రూపాయలు’ అన్న మాట. ఇరవై ఏళ్ల నాటి ఫ్లాట్ కొనడానికి వచ్చేవాళ్లు ముందు ఏరియా చూస్తారు, తర్వాత నీళ్లు, కారు పార్కింగ్, లిఫ్టు, భూమిలో వాటాగా వచ్చే గజాలు. కిచెన్ ఎలాగూ తమకు నచ్చినట్టు చేయించుకోవాలనే అనుకుంటారు. మీరు నాలుగు లక్షలు పోసి చేయించిన మాడ్యులర్ కిచెన్‌లో పొయ్యి ఆగ్నేయంలో లేదని వాళ్ల వాస్తు పండితుడు అంటే అది మర్నాడే ఊడిపోతుంది. దానికి వాళ్లు మీకెందుకు డబ్బిస్తారు? ఖర్చు పెట్టాల్సినవి చిన్నవి. కారే కుళాయిలు, పనిచేయని స్విచ్చులు, బిగుసుకుపోయిన తలుపులు, చిరిగిన దోమల జాలీలు బాగు చేయించి, లేత రంగు ఒక కోటు వేయించండి. అటక మీద, బాల్కనీలో పేరుకున్న సామాను తీసేయండి. బాల్కనీ ఖాళీ అయితే హాల్లోకి వెలుతురు వస్తుంది, ఫ్లాట్ పెద్దదిగా కనిపిస్తుంది. ఫొటోలు పగటిపూట, కర్టెన్లు పక్కకు జరిపి తీయండి. ప్రతి గదికీ ఒకటి, పార్కింగ్‌కి ఒకటి, బయటి నుంచి బిల్డింగ్‌కి ఒకటి చాలు.

రెండో చిట్కా నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది. ‘లోపాలు చెప్పక్కర్లేదు’ అట. పాత ఫ్లాట్లలో మామూలుగా కనిపించేది ఒకటి చెబుతాను. బెడ్‌రూమ్ గోడకు అవతల బాత్రూమ్ ఉంటుంది. నేల నుంచి జానెడు ఎత్తులో రంగు బుడగల్లా ఉబ్బుతుంది, గోటితో గీకితే పొడిపొడిగా రాలుతుంది, లోపల తెల్లటి ఉప్పు పొర. దాన్ని గీకించి, లప్పం పెట్టి, రెండు కోట్లు రంగు కొడితే కొన్నాళ్లు అద్దంలా ఉంటుంది. ఇల్లు ఖాళీగా ఉంటే మరీను, ఎవరూ స్నానం చేయరు కాబట్టి చెమ్మ ఆరిపోతుంది. కొన్నవాళ్లు దిగి రోజూ నీళ్లు వాడటం మొదలుపెట్టగానే సరిగ్గా అదే చోట మళ్లీ ఉబ్బుతుంది. చూడటానికి వచ్చిన రోజు వాళ్లకు ఇది తెలిసే దారే లేదు.

ఇక్కడ చట్టం స్పష్టంగానే ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 55వ సెక్షన్ ప్రకారం, ఆస్తిలో గానీ దాని హక్కులో గానీ ముఖ్యమైన లోపం ఉండి, అది అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూసినా బయటపడనిదైతే, అమ్మేవాడే దాన్ని చెప్పి తీరాలి. చెప్పకపోవడాన్ని అదే సెక్షన్ మోసం కింద లెక్కేస్తుంది. అమ్మకం తేదీ దాకా ఉన్న ఇంటిపన్ను బాకీ కూడా, వేరే ఒప్పందం లేకపోతే, అమ్మేవాడిదే అంటుంది. ‘చూసుకోవాల్సింది కొనేవాళ్లే’ అన్నది కంటికి కనిపించే వాటి వరకే.

బాత్రూమ్ లీకేజీని అసలు మూలం దగ్గర బాగు చేయించి, ఆ బిల్లు చూపించండి. చేయించలేకపోతే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఎండాకాలం బోరు ఎండి ట్యాంకర్లు తెప్పిస్తారా, అదీ చెప్పండి. వాచ్‌మన్‌ని అడిగితే ఐదు నిమిషాల్లో తెలిసిపోయేదే. ముందే చెబితే కొంత తగ్గించమంటారు. అగ్రిమెంట్ అయ్యాక బయటపడితే అడ్వాన్స్ వెనక్కి ఇమ్మంటారు, పైగా మీరు చెప్పిన మిగతా మాటలన్నీ అనుమానిస్తారు.

ధర సంగతి. అరవై లక్షలు పలికే ఫ్లాట్‌కి డెబ్బై ఐదు అని పెడితే, అరవై ఐదు దాకా బడ్జెట్ పెట్టుకుని వెతికేవాళ్లకు మీ ప్రకటన కనిపించనే కనిపించదు. బేరమాడాల్సినవాళ్లే గడప తొక్కరు. నెలల తరబడి అదే ప్రకటన ఉంటే, ‘ఇందులో ఏదో లిటిగేషన్ ఉంది’ అని చుట్టుపక్కల బ్రోకర్లే అనుకుంటారు. పోనీ ఎవరో ఆ ధరకు ఒప్పుకున్నారనుకుందాం. వాళ్ల బ్యాంకు వాల్యుయర్ వచ్చి విలువ 62 లక్షలే అని రాస్తే? రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల పైన 75 లక్షల లోపు లోన్లకు విలువలో 80 శాతం మించి ఇవ్వకూడదు. అంటే 49.6 లక్షలు. మిగతా పాతిక లక్షల పైచిలుకు, అది కాక మొత్తం ధర మీద రిజిస్ట్రేషన్‌కు అయ్యే ఏడున్నర శాతం చేతి నుంచి తేవాలి. మధ్యతరగతి వాళ్లు అక్కడే వెనక్కి తగ్గుతారు. మీ బిల్డింగ్‌లో, పక్క బిల్డింగ్‌లో ఈ మధ్య అమ్మినవాళ్లను అడిగి అసలు ఎంతకు అమ్మారో కనుక్కోండి. దాని మీద రెండు మూడు శాతం బేరానికి ఉంచుకుంటే సరిపోతుంది. రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో కనిపించేది ప్రభుత్వ విలువ, దాన్ని చూసి ధర కట్టకండి.

‘కాగితాలు తర్వాత’ అన్నది బేరాలను చంపే సలహా. ఇల్లు నచ్చి, ధర కుదిరి, అడ్వాన్స్ కూడా అందాక కాగితాల దగ్గర ఆగిపోయిన అమ్మకాలు కొల్లలు. అగ్రిమెంట్‌లో సాధారణంగా రెండు మూడు నెలలు గడువు రాసుకుంటారు. అప్పుడు ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తే లోన్ తీరిపోయి ఏళ్లయినా బ్యాంకు తాకట్టు ఇంకా కనిపిస్తుంది. కారణం, లోన్ తీసుకునేటప్పుడు టైటిల్ డీడ్స్ డిపాజిట్ చేసినట్టు రిజిస్టర్ చేయించారు, తీరాక దాన్ని రద్దు చేస్తూ మళ్లీ రిజిస్టర్ చేయించలేదు. 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్లకు ఈసీలు ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే దొరుకుతున్నాయి. ప్రకటన ఇచ్చే ముందే ఇంట్లో కూర్చుని తీసి, ప్రతి ఎంట్రీ చదవండి. లోన్ ఈ మధ్యే తీరి ఉంటే ఒరిజినల్స్ 30 రోజుల్లో మీ చేతికి రావాలి. బ్యాంకు తన తప్పు వల్ల ఆలస్యం చేస్తే రోజుకు 5,000 రూపాయలు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023లోనే చెప్పింది, ఆ డిసెంబరు నుంచి అమల్లో ఉంది.

ఇంకా కష్టమైనవి ఉన్నాయి. సేల్ డీడ్‌లో ఫ్లాట్ నంబరు ఒకటి, ఇంటిపన్ను రసీదులో ఇంకొకటి ఉంటుంది. దాన్ని సరిచేసే సవరణ దస్తావేజు మీరొక్కరే రాసుకుంటే చెల్లదు. ఆనాడు మీకు అమ్మినవాళ్లు కూడా వచ్చి సంతకం పెట్టాలి. ఇరవై ఏళ్ల కిందటి బిల్డర్‌ని ఇప్పుడు వెతికి పట్టుకోవాలంటే రెండు నెలలు ఏ మూలకు?

నాన్నగారి పేరు మీదున్న ఫ్లాట్ అయితే ఇంకా ముందే మొదలుపెట్టాలి. ఆయన వీలునామా రాయకుండా పోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటా ఉంటుంది. నానమ్మ బతికుంటే ఆవిడకూ ఉంటుంది. ‘చెల్లికి పెళ్లిలో ఇవ్వాల్సింది ఇచ్చేశాం’ అన్నది బ్యాంకు లాయర్ దగ్గర పనికిరాదు. ఆ చెల్లి అమెరికాలో ఉంటే ఆమె పవర్ ఆఫ్ అటార్నీ కాన్సులేట్‌లో అటెస్ట్ అయ్యి, ఇక్కడికి వచ్చి, స్టాంపు కట్టుకోవాలి. అది వారం రోజుల్లో తెమిలే పని కాదు. పైగా ఇది కాగితం పనే అనుకుని ఆమెను చివర్లో అడగడం తప్పు. వాటా ఆమెది, ధర మాట్లాడే రోజు నుంచే ఆమెకు చెప్పాలి.

సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్లు (అంతకు ముందు చేతులు మారిన దస్తావేజులు), ఈసీ, అప్రూవ్డ్ ప్లాన్, ఉంటే ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్), ఇంటిపన్ను రసీదు, అసోసియేషన్ నుంచి బాకీ లేదన్న లెటర్ ఒక ఫైల్లో పెట్టి సిద్ధంగా ఉంచుకోండి. పెంట్‌హౌస్ గానీ ప్లాన్‌లో లేని అంతస్తు గానీ అయితే లోన్ రావడం కష్టమని మొదటే చెప్పేయండి.

అలాగని ఆ ఫైలుని ఫొటోలు తీసి ప్రకటనలో పెట్టకండి. సేల్ డీడ్ నిండా మీ ఫొటో, సంతకం, వేలిముద్ర, గుర్తింపు కార్డుల నంబర్లు ఉంటాయి. ఒరిజినల్స్ ఇంటికి వచ్చి చూసుకోమనండి. గట్టిగా కొనేవాళ్లకు, వాళ్ల లాయర్‌కు మాత్రం జిరాక్స్ ఇవ్వండి, మీద ‘పరిశీలన కోసం మాత్రమే’ అని రాసి. ఇల్లు చూడకుండానే ‘ఆర్మీలో ఉన్నాను, టోకెన్ అడ్వాన్స్ పంపిస్తా, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి’ అనేవాళ్లు ఫోన్ చేస్తారు. డబ్బు రావడానికి స్కాన్ చేయడం, పిన్ కొట్టడం ఎక్కడా ఉండదు. చేస్తే మీ ఖాతాలోంచే పోతుంది. పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఇక క్యాష్. స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు గానీ అంతకు మించి గానీ క్యాష్‌గా తీసుకోకూడదని 2015 నుంచీ నిబంధన ఉంది. తీసుకుంటే ఎంత తీసుకున్నారో అంత జరిమానా పడొచ్చు. ముప్ఫై లక్షలు క్యాష్ తీసుకున్నవాళ్లు ముప్ఫై లక్షలు రిస్క్‌లో పెట్టుకున్నట్టే. దేన్ని తప్పించుకోవడానికి ఇదంతా? లెక్క వేసి చూడండి. 2010–11లో 25 లక్షలకు కొన్న ఫ్లాట్‌ని 2025–26లో 70 లక్షలకు అమ్మారనుకోండి. లాభం 45 లక్షలు, దాని మీద పన్నెండున్నర శాతం అంటే 5.62 లక్షలు. కానీ 2024 జూలై 23కి ముందు కొన్న ఇళ్లకు, ఇక్కడ నివాసం ఉండేవాళ్లు పాత పద్ధతిలోనూ, అంటే పెరిగిన ధరల మేరకు కొన్న ధరను పెంచి, లెక్కేసుకోవచ్చు. ఇందుకోసం ప్రభుత్వం ఇచ్చే ధరల సూచీ 167 నుంచి 376కి పెరిగింది కాబట్టి మీరు కొన్న ధర 56.29 లక్షలుగా లెక్కకు వస్తుంది. లాభం 13.71 లక్షలే, 20 శాతం చొప్పున 2.74 లక్షలు. రెండింటికీ సెస్ అదనం. ఏది తక్కువైతే అదే కట్టొచ్చు. విదేశాల్లో ఉండేవాళ్లకు మాత్రం ఈ పాత లెక్క వర్తించదు.

ఆ లాభంతో రెండేళ్లలో ఇంకో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా ఈ పన్ను కూడా పోతుంది. అమ్మడానికి ఏడాది ముందు కొన్న ఇల్లయినా లెక్కలోకి వస్తుంది. ఇల్లు వద్దనుకుంటే ఆరు నెలల్లో 50 లక్షల దాకా ప్రత్యేక బాండ్లలో ఐదేళ్లకు పెట్టొచ్చు. ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ గడువు నాటికి ఇల్లు కొనడం పూర్తి కాకపోతే ఆ డబ్బుని బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతా తెరిచి అందులో వేయాలి. ఈ తేదీలన్నీ అమ్మకం తేదీని బట్టే ఉంటాయి కాబట్టి, అడ్వాన్స్ చేతిలో పడకముందే ఒకసారి ఆడిటర్ దగ్గర కూర్చోండి.