ఆల్టో శాక్సాఫోన్ రీడు గారికి సెలవు చీటీ

విజయనగరం

శాక్సాఫోన్ మూతి దగ్గర అదిరి నాదం పుట్టించే సన్నటి రెల్లుపేడు, మహారాజశ్రీ రీడు గారి దివ్యసముఖానికి, పగలు ఫైళ్లూ రాత్రి జాజ్ సంగీతమూ మోసే ఉద్యోగులంతా విన్నవించుకునేది:

అయ్యా, సర్కారు ఏడాదికి 15 సీఎల్‌లు ఇస్తుంది. తమరు ఒక్కటీ ఇవ్వరు. ఆడిట్ పేరు చెప్పి వారం పాటు పెట్టె తెరవకపోతే, ఎనిమిదో రోజుకి తమరి కొన అలలు తేలి ఉంటుంది. జాతికి గడ్డి, పుట్టుక దక్షిణ ఫ్రాన్స్. ఒక గడ్డిపరక ఇంత దర్పం చూపించడం కలెక్టరాఫీసులో కూడా చూడలేదు.

డబ్బాకి 10 మంది వేంచేస్తారు. మూడో నాలుగో పలుకుతాయి, మిగతావి డెప్యుటేషన్ మీద వచ్చినట్టు కూర్చుంటాయి. అన్నిటి మీదా గట్టిదనం చెప్పే రెండున్నర నంబరే. కానీ ఒకటి మెత్తబడి జీరపోతుంది, ఇంకొకటి గాలంతా మింగి బుస్సుమంటుంది. పైగా ప్రొబేషన్ ఒకటి: మొదటిరోజు 5 నిమిషాలు, రెండోరోజు 10. ఆశపడి గంట వాయిస్తే పీచు నీళ్లు తాగి డీలాపడుతుంది. వాయించాక తుడిచి, అద్దం ముక్క మీద ఆరబెట్టాలి. తడిగా మూసేస్తే మన వానాకాలానికి బూజే. నాలుగు రీడులకి డ్యూటీ చార్టు రాసుకుని వంతులేసుకోవాలి.

బిగించేటప్పుడు తమరి కొన మౌత్‌పీస్ (నోట పెట్టుకునే ముక్క) కొనకి వెంట్రుకవాసి కిందుండాలి. పక్కకి జరిగితే కీచు. "ఏటి బాబూ, కుక్కపిల్ల తోక తొక్కీసినారా?" అని పక్కింటావిడ గోడ మీంచి పరామర్శ. తమరి చదును వీపు వంగిందేమో చూడాలంటే మౌత్‌పీస్ వెనక కన్నం అరచేత్తో మూసి, గాలి లోపలికి లాగి, నోరు తియ్యాలి. ఒక్క క్షణం పట్టి ఉండి 'టప్' మంటే చదునే. పట్టకపోతే, పెయింటర్లు వాడే 600 నంబరు వాటర్ పేపరు అద్దం మీద పరిచి, కొనకు తగలకుండా వీపును నాలుగుసార్లు రుద్దాలి. ఈ సేవలన్నీ అయ్యాక ఆఫీసుకి ముందు మిగిలేది 20 నిమిషాలు. నిమిషానికి 120 దెబ్బల నడకలో నాలుగేసి దెబ్బల 12 బార్ల బ్లూస్ బాణీ ఒక చుట్టు 24 సెకన్లు. రోజుకో శ్రుతి అనుకున్నా 12 శ్రుతులకి 12 రోజులు. ఈలోగా తమరి ఆయుష్షే తీరిపోవచ్చు.

1919 నుంచీ సంగీత కళాశాల ఉన్న ఊరిది. అయిదు లెక్కల జాజ్ బాణీ 'టేక్ ఫైవ్' ఇక్కడెవర్నీ భయపెట్టదు, మన కర్ణాటక తాళం ఖండచాపులో రెండూ మూడూ అయితే అందులో మూడూ రెండూ, అంతే. భయమంతా తమరి సన్నాయి నొక్కులకే.

డెన్నీ జైట్లిన్ మానసిక వైద్యుడు, జాజ్ వాయించింది పియానో మీద. ఎడ్డీ హెండర్సనూ డాక్టరే, పట్టింది ట్రంపెట్. రెండింటికీ రీడు లేదు. చదువుకున్నవాళ్లు ముందే ఆలోచించుకున్నారు.

ప్లాస్టిక్ రీడుకి మారదామంటే ఒక్కదాని ఖరీదే దాదాపు తమరి డబ్బా అంత. నానబెట్టే పని లేదు నిజమే, కానీ ఆ నాదంలో బకెట్ వాసన.

కాబట్టి సిరిమానోత్సవం మంగళవారం ఒక్కరోజు సెలవు మంజూరు చెయ్యండి. బుధవారం కొన అలలు తేలితే 2 నిమిషాలు నీళ్లలో వేసి, మౌత్‌పీస్ చదును మీద బొటనవేలితో అదుముతాం.

ఇట్లు,
మూడో నంబరు కొని రెండున్నరకి దిగొచ్చినవారు