వైన్స్‌లో వైన్ అడిగిన నేరం

వైన్‌కు పుట్టిల్లు ఫ్రాన్స్ అన్నవాళ్లు మా ఊరి బస్టాండ్ సెంటర్ చూసి ఉండరు. వంద గజాల్లో మూడు ‘వైన్స్’. బోర్డు మీద ముందు దేవుడి పేరు, వెనక వైన్స్. మధ్యలో ద్రాక్షపండు జోక్యం ఎక్కడా లేదు.

ఇంత సులువైన దారి ఉండగా కన్వల్ గ్రోవర్ అనే పెద్దమనిషి ఎందుకంత అవస్థపడ్డాడో నాకు అంతుపట్టదు. ఫ్రాన్స్‌తో యంత్రాల వ్యాపారం ఆయనది. వెళ్లినవాడు పని చూసుకుని, ఓ సెంటు సీసా కొనుక్కుని తిరిగి రావాలా, వద్దా? ఈయన వైన్ రుచి మరిగాడు. షాంపేన్ ప్రాంతపు నిపుణుడు జార్జ్ వెసెల్‌ను పట్టుకుని, నేల వెతికి వెతికి, బెంగళూరు దగ్గర నంది కొండల కింద తేలాడు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు మాట్లాడేవాళ్లు బోలెడుమంది. ఒక్కరైనా పక్కకు పిలిచి, ‘బోర్డు రాయించండి సార్, చాలు’ అని చెప్పొద్దూ!

1988లో కంపెనీ పెట్టాడు. అక్కడ బెంగళూరు బ్లూ ద్రాక్ష విరగకాస్తుంది. అది పనికిరాదట, ఫ్రెంచి తీగలే కావాలట. వాటి సొంతూళ్లో చలికాలం రాగానే తీగ నిద్రపోతుంది. ఇక్కడి ఎండకు దానికి నిద్రే పట్టదు. అందుకని ఏడాదికి రెండుసార్లు కత్తిరించాలి, పంట మాత్రం ఒక్కటే. ఇలాంటి లెక్క మా మామయ్యకు చెబితే పొలం అమ్మేసి ప్లాట్లు వేసేవాడు. మొదటి వైన్ వచ్చింది 1992లో. నాలుగేళ్లు! మన దగ్గర ఆ టైములో రెండు లైసెన్సు లాటరీలు అయిపోతాయి.

తర్వాత కొడుకు కపిల్, ఆ తర్వాత మనవరాలు కరిష్మా అదే పనిలో దిగారు. మూడు తరాలూ ద్రాక్షకే అంకితం. ఇక మన రాష్ట్రమంటారా, 1995లో మద్యనిషేధం పెట్టింది. దూబగుంట ఆడవాళ్లు సారా మీద ఎత్తిన చీపురు ఈ దొరల సీసాకూ తగిలింది.

మొన్న ధైర్యం చేసి మా సెంటర్‌లో వైన్ అడిగాను. జాలీ వెనక కుర్రాడు నన్ను ఎగాదిగా చూశాడు.

“కేకులోకా సార్?”

“తాగడానికే.”

“ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాలేదా?”

స్టూలెక్కి, పై అరలోంచి ఓ సీసా తీసి, భుజం మీది తువ్వాలుతో దుమ్ము తుడిచాడు. తలకిందులు చేసి చూసి, మళ్లీ నన్ను చూశాడు.

“మూత తిరగట్లేదు సార్. చెక్క బిరడాలా ఉంది. ఇంట్లో స్క్రూడ్రైవర్ ఉందా?”