ఎర్ర లైటే గీటురాయి

ఫంక్షన్ హాల్లో స్టేజీ పక్కన, యాంప్లిఫయర్ల ర్యాకులో సన్నటి పెట్టె ఒకటి ఉంటుంది. అదే సౌండ్ ప్రాసెసర్, ఏ స్పీకర్‌కు ఏ శబ్దం, ఎంత, ఎప్పుడు పోవాలో చూసేది. దాన్ని తయారుచేసినవాళ్లు మన పెళ్లి ఒక్కటీ చూసి ఉండరని నా గట్టి నమ్మకం. చూస్తే అన్ని సెట్టింగులు పెట్టేవాళ్లు కాదు.

శబ్దంలో 100 హెర్ట్జ్ కిందిది, అంటే దడదడలాడే మోత, బేస్ బాక్సులకు, పైది టాప్‌లకు, అంటే మాటా పాటా పలికే బాక్సులకు పంపాలట. నాలుగు బాక్సులకు ఒక లెక్క, పన్నెండింటికి ఇంకో లెక్క కట్టి వేర్వేరు ప్రీసెట్లు, అంటే ముందే కట్టిపెట్టిన సెట్టింగులు, దాచుకోవాలట. మన ఆపరేటర్ దగ్గర ఉన్నది ఒకటే ప్రీసెట్, పేరు ‘బారాత్’. ఖాళీ మైదానమైనా, రేకుల షెడ్డయినా, దశదినకర్మ భజనైనా అదే. సమదృష్టి అంటే అది!

శబ్దం సెకనుకు దాదాపు 345 మీటర్లు పోతుంది. అందుకని స్టేజీకి 34 మీటర్ల దూరంలో, భోజనాల దగ్గర పెట్టిన స్పీకర్లకు సుమారు 100 మిల్లీసెకన్ల డిలే ఇవ్వాలి, అంటే అంత ఆలస్యంగా పలికించాలి. ఇవ్వరు. దాంతో వెనక వరసల వాళ్లకు పంతులుగారి మంత్రం రెండేసి సార్లు వినిపిస్తుంది. ఒకే సంభావనకు రెండు పెళ్లిళ్లు, ఇంకేం కావాలి?

ఇక పొలారిటీ. రెండు బేస్ బాక్సుల్లో ఒకదాని ప్లస్, మైనస్ వైర్లు తిరగబడ్డాయంటే వాటి శబ్దాలు ఒకదాన్నొకటి మింగేస్తాయి, సరిగ్గా మధ్యలో నిలబడ్డవాడికి బేస్ అందదు. ప్రాసెసర్‌లో ఒక్క బటన్ నొక్కితే సరిపోయేదానికి, పెళ్లికొడుకు చిన్నాయన వచ్చి “తమ్మీ, బేస్ వస్తలేదు” అంటాడు. తమ్మీ గెయిన్, అంటే సౌండు జోరు, పెంచుతాడు. రాదు. ఇంకా పెంచుతాడు. ఇక మోయలేనని హెచ్చరించే ఎర్ర లైటు వెలుగుతుంది.

“అదెందుకు వెలుగుతున్నది?”

“ఫుల్లు పనిచేస్తున్నదన్నట్టు, కాకా.”

ఆ తర్వాత స్పీకర్లు కాలకుండా సౌండుకు పగ్గం వేసే లిమిటర్ తీసేస్తాడు. అది సౌండు తింటుందట.

ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటొద్దని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతాయి. జనరేటర్ స్టార్ట్ చేయగానే ఆ కోటా అయిపోతుంది, పాట దాకా ఎక్కడొస్తుంది?

కాబట్టి కంపెనీలకు నా విన్నపం. సెట్టింగులన్నీ పీకేసి, ఎర్ర లైటు ఒక్కటి పెద్దది బిగించి, సగం ధరకు అమ్మండి. టాప్‌లలో శబ్దం పుట్టించే పల్చటి పొరలు, డయాఫ్రమ్‌లు, కాలిపోతాయన్న బెంగ వద్దు. ఆ బిల్లు ఆడపెళ్లివారి ఖాతాలో రాసే ఏర్పాటు ఇప్పటికే ఉంది.